దీపాల వేళకి తిరిగొచ్చే దూరం

కొత్తదిబ్బలపాలెం,
అక్టోబరు 4.

అలల మీదున్న నాన్నకి,

ఒడ్డు మీదున్న హేమ రాస్తున్నది. ఇక్కడ అమ్మ బాగుంది, నేను బాగున్నాను. నానమ్మ గొంతు మా ఇద్దరికంటే బాగుంది. నీ నీలం గళ్ళ లుంగీ ఇంకా దొరకలేదు. దాని గురించి అమ్మని సాధించడం మానెయ్.

ఫోనుండగా ఉత్తరమేమిటని నీ బోటు మీదవాళ్ళు నవ్వుతారేమో, నవ్వనీ. గుజరాత్‌లో ఆ వెరావల్ రేవు దాటిందంటే మీ బోటుకి వారాల తరబడి సిగ్నలుండదు. ఒడ్డుకొచ్చిన రోజున నువ్వు ఫోను చేస్తే సగంసేపు నానమ్మ "వినపడతన్నాదా?" అని అడుగుతుంది, మిగతా సగం నువ్వు "వినపడతన్నాదమ్మా" అంటావు. ఇంక నా మాటకి చోటెక్కడ? అందుకే మీ బోటు యజమాని సేఠ్ గారి గది చిరునామాకి రాస్తున్నాను. వేటకెళ్ళేటప్పుడు తడవకుండా పట్టుకెళ్ళి, వల వేసి కూర్చున్నప్పుడు చదువుకో.

నాన్నా, నాకు విజయవాడలో సీటొచ్చింది. డిగ్రీ అవగానే దరఖాస్తు పెట్టానని చెప్పానే, అదే చదువు. నిఘంటువులు కట్టడం నేర్పుతారు. రెండేళ్ళు. ఒక్కో మాట ఎక్కడ పుట్టింది, ఏ ఊళ్ళో ఏ అర్థంతో తిరుగుతోంది, ఎవరి నోట్లో ఎలా వంకర పోయింది, అన్నీ వెతికి పట్టుకుని వరసలో కూర్చోబెట్టడం. మన దగ్గర్లో ఇలాంటిది ఇంకెక్కడా లేదు. హాస్టలు కూడా వాళ్ళే ఇస్తారు. ఆ కబురు రాగానే ఎండబెట్టిన నెత్తళ్ళ చేపల్ని కాకులకి వదిలేసి ఇంట్లోకి పరిగెత్తాను. నా సీటు విషయంలో మొదట సంతోషించింది కాకులే.

నానమ్మ చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ అంతా విన్నది. చుట్ట నోట్లోంచి తీసి, "మాటలు నేర్సుకోడానికి ఇజీవాడెందుకే గుంటా? నా ఎనకాల గంపెట్టుకుని నాలుగూళ్ళు తిరుగు. బేరమాడే మాటలు, తిట్టే మాటలు, తిట్టినోళ్ళనే మళ్ళీ బేరానికి పిలిసే మాటలు, అన్నీ వచ్చేస్తాయి" అంది.

తర్వాత తన సూత్రం చదివింది. అది నీకు తెలిసిందే. తెల్లారగట్ల గంజి తాగి గంప నెత్తికెత్తుకున్న మనిషి దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరాలి. అలా చేరగలిగినంత దూరమే మనది, దాని అవతలంతా పరాయిది. జీవితమంతా చేపలమ్మినా ఆవిడ పరాయి ఊళ్ళో ఒక్క రాత్రి పడుకోలేదు. అత్తని ఆ దూరం లోపలే ఇచ్చింది. అమ్మని ఆ దూరం లోపలి నుంచే తెచ్చింది. మరి నాన్న వెరావల్ వెళ్తాడు కదా అని అడిగాను. "సముద్రం దూరం కాదే, సముద్రం మన పెరడు" అంది. దేశానికి అవతలి పక్కనున్న పెరడు నాన్నా!

నిన్నడిగితే, ఆ వినపడతన్నాదా, వినపడతన్నాదమ్మాల మధ్యలో, "మీ నానమ్మ ఎలాగంటే అలాగేనమ్మా" అన్నావు. నీ మీద కోపం లేదు అని ఇక్కడ రాసి కొట్టేశాను. కొంచెం ఉంది. నెత్తళ్ళ ముల్లంత. పెద్దదేం కాదు, కానీ మింగినప్పుడల్లా తెలుస్తుంది.

రెండు రోజులు అలిగాను. ఎవరూ పట్టించుకోకపోయేసరికి మూడో రోజు అట్లాసు తీశాను. విజయవాడ రోడ్డు మీద ఒక పగలంత దూరం. రైల్లో ఒక పూట. కానీ విశాఖ ఎయిర్‌పోర్టు మీద స్కేలు ఒక కొస, గన్నవరం ఎయిర్‌పోర్టు మీద రెండో కొస పెట్టి చూస్తే తిన్నగా మూడొందల కిలోమీటర్ల గీత, అంతే. విమానం దాదాపు ఆ గీత మీదే పోతుంది. గగనతలంలో గంట ప్రయాణం. (గగనతలం అన్న మాట వాడడానికి చాలా రోజులుగా సందు కోసం చూస్తున్నాను. ఇప్పుడు హాయిగా ఉంది.)

ఈ గీత పట్టుకెళ్ళి నానమ్మకి చూపించాను.

"ఇజీవాడకి గంటా?" అంది. "పూసపాటిరేగ ఎల్లడానికే ఆటోవోడు గంట సేస్తాడు."

"విమానంలో గంటే నానమ్మా. అంటే నీ లెక్క ప్రకారం విజయవాడ మన ఊరే. పొద్దున్న వెళ్ళి దీపాల వేళకి వచ్చెయ్యొచ్చు."

అలా అనకుండా ఉండాల్సింది. ఎందుకంటే నానమ్మ చుట్ట ఆర్పేసింది. చుట్ట మధ్యలో ఆర్పిందంటే ఆవిడ బేరం ఖాయం చేస్తోందని నీకు తెలుసు కదా.

"అయితే సూద్దాం. నానూ వస్తాను. గంజి తాగి బయల్దేరదాం. ఆ కాలేజీ గుమ్మం తొక్కి, దీపాలేళకి మనింటి గుమ్మం తొక్కాల. తొక్కితే ఎల్లి సదువుకో. తొక్కలేదా, ఇంక ఇజీవాడ మాట ఈ ఇంట్లో ఎత్తకు."

పొయ్యి దగ్గర అమ్మ గరిటె ఆగింది. మన ఇంట్లో మాటలన్నీ నానమ్మే వాడేస్తుంది కదా, అమ్మకి మిగలవు.

టికెట్లు నానమ్మ చీటీ డబ్బులతో తీశాం. ఎంతని అడగొద్దు, చెబితే నన్ను గంపలో పెట్టి అమ్మేస్తానంది. కాలేజీ వాళ్ళు సీటు ఖాయం చేసుకోవడానికి గురువారం రమ్మన్నారు. వెళ్ళడం పొద్దున్న విమానం, రావడం మధ్యాహ్నం విమానం.

టికెట్లు తీశాక గానీ నాకు అసలు లెక్క తెలియలేదు. ఆకాశంలో గంట నిజమే. కానీ మన ఊరి నుంచి విశాఖ ఎయిర్‌పోర్టుకి రెండు గంటలు. అక్కడ ఇంకో రెండు గంటలు ముందే ఉండాలట. దిగాక ఊళ్ళోకి మరో గంట. ఎగిరేది పావలా, ఎదురుచూసేది ముప్పావలా. పైగా భోగాపురంలో కట్టేస్తున్న కొత్త ఎయిర్‌పోర్టు మన దారిలోనే ఉంది. అది ఇంకా తెరవలేదు కాబట్టి ఎయిర్‌పోర్టు దాటుకుని ఎయిర్‌పోర్టుకి వెళ్ళాలి. అయినా లెక్క కుదిరింది. దీపాలకి ఓ పావుగంట ముందు మన గుమ్మం తొక్కుతాం. ఆ పావుగంట మీదే నా రెండేళ్ళూ ఆధారపడి ఉన్నాయి.

ముల్లు ఇంకా దిగని,
నీ హేమ.


విజయవాడ,
అక్టోబరు 9, గురువారం రాత్రి.

ఎక్కడున్నాడో తెలియని నాన్నకి,

ఉండకూడని చోట ఉన్న హేమ రాస్తున్నది. పైన ఊరి పేరు చూసే నీకు సగం కథ తెలిసిపోయి ఉంటుంది. ఇది కాలేజీ హాస్టలు. పక్క మంచం మీద నానమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. నిద్రపోలేదు. గాజులు చప్పుడవుతున్నాయి.

జరిగింది మొదటి నుంచీ చెబుతాను.

గురువారం దక్షిణానికి ప్రయాణం పనికిరాదన్నారు పంతులు గారు. కాలేజీ వాళ్ళు గురువారం తప్ప పనికిరాదన్నారు. నువ్వు రైలెక్కే రోజు మంచిది కాకపోతే నానమ్మ ఏం చేస్తుందో అదే చేసింది. ముందురోజు మంచి గడియ చూసి, మూట కట్టి, దక్షిణం వైపు మూడో ఇల్లయిన గురమ్మత్త ఇంట్లో ప్రస్థానం పెట్టింది. మూట గడప దాటితే మనిషి బయల్దేరినట్టే లెక్క. మర్నాడు ఆ మూట తీసుకుని ఏ వేళకి వెళ్ళినా దోషం అంటదు. ఇంతవరకూ మామూలే. మూటలో ఒక చీర, తమలపాకులు, వక్క, పసుపుకొమ్ము. ఇదీ మామూలే. తన ఆధార్ కార్డు కూడా పెట్టింది. ఇది మామూలు కాదు. ఎందుకని అడిగాను.

"ఇమానంవోళ్ళు మనిషి మొకం నమ్మరు, కార్డు సూస్తారని నువ్వే సెప్పావు కదే. మరి మంచి గడియలో బయల్దేరాల్సింది కార్డే కదా" అంది.

మూట ముడి నేనే బిగించాను.

చీకటితోనే లేచి, గంజి తాగి, గురమ్మత్త ఇంటికెళ్ళాం. అత్త నిద్రకళ్ళతో అటక మీంచి మూట దించింది. దాని పక్కన ఇంకో మూట కనిపించింది. అదెవరిదని నేను నోరు తెరిచేలోపే నానమ్మ "ఇమానం ఎల్లిపోతాది" అని నా రెక్క పట్టి లాక్కుపోయింది. కొండబాబు మావయ్య తన చేపల వ్యాను తెచ్చాడు. ఐసు పెట్టెలు దింపేశాడు గానీ వాసనని దింపలేకపోయాడు. భోగాపురం దగ్గర కొత్త ఎయిర్‌పోర్టు దీపాలు కనిపించగానే నానమ్మ దిగిపోతానంది. ఇది కాదు, ఇంకా కట్టడం అవలేదంటే, "అయినంతవరకూ ఎగరరాదా?" అంది. మావయ్య నవ్వాపుకోలేక వ్యాను పక్కకి ఆపాడు.

ఎయిర్‌పోర్టు గుమ్మంలో నానమ్మ మూట విప్పి కార్డు ఇస్తే దానికి తమలపాకు అంటుకుని వచ్చింది. ఆ జవాను ఆకు తీసి, కార్డు చూసి, ఆకుతో సహా తిరిగి ఇచ్చాడు. లోపల తనిఖీలో అగ్గిపెట్టె తీసుకున్నారు. చుట్టలు ఉంచుకోవచ్చట, అగ్గి కుదరదట. అక్కడున్న అమ్మాయితో నానమ్మ, "గంప ఉంచి సేపలు తీసుకున్నట్టుంది నీ బేరం" అంది. ఆ అమ్మాయికి తెలుగు రాకపోవడం మన అదృష్టం.

విమానం లేచేటప్పుడు నానమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. గోళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి. లేచాక కిటికీలోంచి సముద్రం కనిపించింది. పై నుంచి చూస్తే అల కదలదు నాన్నా, గీసినట్టుంటుంది. నానమ్మ కొంగుతో అద్దం తుడిచి, చాలాసేపు చూసి, "మీ నాన్న ఏ పక్కన ఉంటాడు?" అంది. నువ్వుండేది ఈ సముద్రం కాదు, అటువైపుదని చెప్పాను. "సముద్రాలు రెండేటి, నీళ్ళు నీళ్ళే" అని మళ్ళీ తుడిచింది. తుడుస్తూ ఉండగానే గన్నవరం వచ్చేసింది.

"దూరం ఎలా ఉంది నానమ్మా?" అన్నాను దిగాక, గెలిచినదాని గొంతుతో.

"ఏటని సెప్పేది? ఏ ఊరెంత దూరమో నాను సుట్ట కాలడాన్ని బట్టి సూస్తాను. కాల్సుకోనిస్తే కదా తెలిసేది."

కాలేజీలో పని నేననుకున్నదానికంటే ముందే అయ్యేలా ఉంది. అక్కడి మేడం నన్ను మన ఊరి మాట ఒకటి చెప్పమంటే ఆత్రంలో ఏడు చెప్పాను. సంతకాలు పెట్టమన్నారు. రెండు వారాల్లోగా వచ్చి చేరాలి. సీటు నాదే అన్నారు. బయట చెట్టు కింద కూర్చున్న నానమ్మకి ఈ మాట చెప్పాలని ఎంత తొందరగా బయటికొచ్చానో! అక్కడ నానమ్మ ఉంది. మూట లేదు.

మధ్యాహ్నం నుంచి వర్జ్యమని పంతులు గారు ముందే చెప్పారట. వర్జ్యంలో తిరుగుప్రయాణం మొదలుపెట్టకూడదు. అందుకని, నేను లోపల సంతకాలు పెడుతున్నప్పుడు, వర్జ్యం రాకముందే, మన ఊరు ఉత్తరాన ఉంది కాబట్టి ఉత్తరం గేటు దగ్గరున్న వాచ్‌మన్ గదిలో మూట ప్రస్థానం పెట్టేసింది. పొద్దున్న అంత బాగా పనిచేసింది కదా, మళ్ళీ కార్డుతో సహా. వాచ్‌మన్ మంచివాడు. పాపం మరీ మంచివాడు. తన పని వేళ అయిపోతోందని, పెద్దావిడ మూట గదిలో వదిలేస్తే ఎవరైనా తీసుకుపోతారని, ఆఫీసు బీరువాలో పెట్టించి ఇంటికెళ్ళిపోయాడు. బీరువా తాళం పట్టుకుని గుమాస్తా భోజనానికి వెళ్ళిపోయాడు. ఆయన ఇల్లు కృష్ణ అవతల.

ఆధార్ ఫోన్లో తీయొచ్చు అని కాలేజీ పిల్లలు చెప్పారు. ప్రయత్నించాను. ఓటీపీ నీ నంబరుకి వెళ్ళింది. నువ్వు అరేబియా సముద్రంలో ఉన్నావు. కాబట్టి నాన్నా, ఈ ఓటమిలో నీకూ వాటా ఉంది.

అప్పటికీ నానమ్మ తల వంచలేదు. నా ఫోను లాక్కుని అమ్మకి చేసింది. "ఒలే పద్మా, మాకు కాస్త ఆలీసమయ్యేలా ఉన్నాది. నాను వచ్చేవరకూ దీపం ఎట్టకు. వినపడతన్నాదా?" అంది. అమ్మ వినపడిందనే అంది. గుమాస్తా వచ్చి బీరువా తెరిచేసరికి మా విమానం మా రెండు సీట్లూ ఖాళీగా పెట్టుకుని గగనతలంలోకి వెళ్ళిపోయింది. ఆ మాట మీద ఇవాళ నాకు మోజు పోయింది.

రైలెక్కుదామన్నాను. బీరువాలోకి మారిన ప్రస్థానం ఇంక చెల్లదట, వర్జ్యంలో ఎక్కనంది. వర్జ్యం అయ్యాక ఉన్న రైలు అర్ధరాత్రి దింపుతుంది, ఆడవాళ్ళం ఆ వేళప్పుడు స్టేషన్లో ఏం చేస్తామంది. హాస్టలు వార్డెన్ గారు రాత్రికి ఇక్కడే ఉండమన్నారు. నానమ్మ తెచ్చిన ఎండునెత్తళ్ళు ఆవిడకి ఇచ్చింది. ఇప్పుడు హాస్టలంతా మన ఊరి వాసన.

పొద్దు దిగేటప్పుడు మెట్ల మీద కూర్చున్నాం. ఎదురు గదుల్లో లైట్లు వెలుగుతున్నాయి. నానమ్మ వాటిని ఒక్కొక్కటే చూసింది. పరాయి ఊళ్ళో ఆవిడ దీపాల వేళ చూడడం ఇదే మొదలు.

"తప్పు నాదే గుంటా," అంది. "మూట నానే ఎట్టాను. కానీ మాట మాటే. ఇయాల కార్డు పోయింది, రేపు ఇంకోటి పోతాది. నీకు ఒంట్లో బాగోలేదని కబురొస్తే, దీపాలేళకి నాను నీ దగ్గరికి రాలేను. అదీ నా లెక్క. నీ రాక కాదు, నా రాక."

అంతవరకూ నేను ఆ సూత్రాన్ని తలకిందులుగా చదువుకున్నాను నాన్నా. అది నన్ను కట్టే తాడనుకున్నాను. ఆవిడ నడిచి అందుకోగలిగినంత మేర అని ఇప్పుడు తెలిసింది. వాదించి గెలిచినా, రోజూ పొద్దు గుంకేసరికి ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంటుంది. ఆ గుమ్మం కళ్ళ ముందుంటే నాకు ఏ మాట అర్థం తలకెక్కుతుంది?

అందుకే ఒక నిర్ణయానికొచ్చాను. నేను చేరను. రేపు పొద్దున్న రైలుకి ఇంటికెళ్ళిపోతాం. వచ్చే ఏడాది ఎచ్చెర్ల యూనివర్సిటీలోనో ఎక్కడో, దీపాల వేళకి తిరిగొచ్చే చోట ఏదో ఒకటి చదువుతాను. అమ్మకి ఫోనులో చెప్పాను, ఈ రాత్రి ఇక్కడే, రేపొస్తాం, పందెం పోయింది అని. అమ్మ "సరే" అంది. ఆ ఒక్క మాటే. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. నాకు అదీ కష్టంగానే ఉంది.

ఓడిపోయిన,
నీ హేమ.


విజయవాడ,
అక్టోబరు 26.

దారిలో ఉన్న నాన్నకి,

ఈ పిలుపు ఎందుకో చివర చెబుతాను. పైన ఊరి పేరు చూసి కంగారుపడకు. ఈసారి ఉండాల్సిన చోటే ఉన్నాను. చేరిపోయాను నాన్నా!

ఆ శుక్రవారం మేము ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. దారంతా నానమ్మ చుట్ట ముట్టలేదు. అగ్గిపెట్టె ఎయిర్‌పోర్టు వాళ్ళ దగ్గరుండిపోయింది, ఇంకోటి కొనమని నన్ను అడగలేదు. అంటే ఎంత బాధలో ఉందో చూడు. వీధి మొదట్లోనే గురమ్మత్త ఎదురొచ్చి, "మీ ఇంట్లో కరెంటేమైనా పోయిందేటి? రాత్రంతా చీకటే. దీపమైనా ఎట్టుకోవే అంటే మీ కోడలు పలకలేదు. టార్చిలైటు ఇస్తే తీసుకోలేదు" అంది.

నానమ్మ నడక ఆగింది. తర్వాత మునుపెన్నడూ చూడనంత వేగంగా నడిచింది.

ఇంట్లో అమ్మ గుమ్మం పక్కన గోడకి ఆనుకుని కూర్చుంది. దేవుడి గూట్లో దీపపు కుంది తోమి ఉంది. నిండా నూనె, కొత్త వత్తి. వత్తి కొస తెల్లగా ఉంది.

"లచ్చివారం పూట," అంది నానమ్మ. గొంతు పైకి లేవలేదు. ఆవిడకి గురువారమంటే లక్ష్మీవారం కదా. "లచ్చివారం పూట ఇంట్లో దీపం ఎట్టకుండా ఉన్నావా పద్మా?"

"నువ్వొచ్చేవరకూ ఎట్టొద్దన్నావు కదత్తా."

"కాస్త ఆలీసమంటే రాత్రంతానా? పాప రాత్రికి రామని సెప్పలేదా?"

"సెప్పింది." అమ్మ లేచి నిలబడింది. "దీపాలేళ దాటిపోతే పాప సదువు పోతాదన్నావు. అందుకే దీపాలేళ కానియ్యలేదు."

ఇరవై ఏళ్ళలో అమ్మ నానమ్మ ఎదుట ఇంత పొడుగు మాట మాట్లాడడం నేను వినలేదు. వీధిలో గురమ్మత్త, స్టేషను నుంచి మమ్మల్ని తెచ్చిన వ్యాను పక్కన కొండబాబు మావయ్య, అందరూ మన గుమ్మం వైపే చూస్తున్నారు. రాత్రంతా అమ్మ చీకట్లో వండుకోలేదు, పొద్దుటి గంజి మిగిలితే తడుముకుని తాగిందట. గూట్లో దీపం లేనప్పుడు వీధి బల్బు వెయ్యడం మోసమవుతుందని అదీ వెయ్యలేదట. ఎవరూ చూడని చోట కూడా పందెం నియమం తప్పలేదు చూడు.

నానమ్మ వత్తి వంక చూసింది. అమ్మ వంక చూసింది. తన నడుం దగ్గర తడుముకుంది. అగ్గిపెట్టె లేదు కదా. అప్పుడు అమ్మ కొంగు ముడి విప్పి అగ్గిపెట్టె తీసి చెయ్యి చాపింది. రాత్రంతా ఆ ముడిలోనే ఉంచుకుందన్నమాట.

నానమ్మ పుల్ల గీసింది. మిట్ట ఎండలో మన గూట్లో దీపం వెలిగింది. వెలుగు సరిగ్గా కనబడను కూడా లేదు.

"ఏటలా సూస్తారు?" అంది అందరి వైపూ తిరిగి. "దీపాలేళకి వచ్చీసినాం."

అదే పుల్లతో చుట్ట కూడా వెలిగించుకుంది. పుల్ల వృథా చెయ్యడం ఆవిడకి గిట్టదు కదా.

దీపావళి వెళ్ళాక నన్ను పంపించారు. ఈసారి రైల్లోనే. విమానం వద్దంది నానమ్మ, భోగాపురంది తెరిచాక మళ్ళీ చూద్దామంది. అప్పటికి ఎయిర్‌పోర్టుకి వెళ్ళే దారి సగానికి తగ్గుతుంది కాబట్టి పందెం తనే గెలుస్తానంటోంది. ఎవరి మీద పందెమో నాకర్థం కాలేదు. కానీ పంపేముందు ఒక షరతు పెట్టింది. రోజూ దీపాల వేళకి నా బట్ట ఒకటి మడిచి, మన ఊరి వైపున్న పక్క గదిలో పెట్టాలి. తిరుగుప్రయాణానికి ప్రస్థానం. పొద్దున్న తెచ్చేసుకోవచ్చు. "అలా ఎడితే నువ్వు బయల్దేరినట్టే. బయల్దేరిన మనిషి కోసం గుమ్మంలో నిలబడక్కర్లేదు, దారిలో ఉన్నాదిలే అనుకుని పడుకుంటాను" అంది.

పెడుతున్నాను నాన్నా, ఒక్క సాయంత్రం తప్పకుండా. పక్క గదిలో శైలజ అని నందిగామ అమ్మాయి ఉంటుంది. మొదటి రోజు చున్నీ పెడితే బహుమతి అనుకుంది. రెండో రోజు ఇంకోటి పెడితే నాకేదో జబ్బనుకుంది. మూడో రోజు వేసుకుని క్లాసుకొచ్చేసింది. నా తిరుగుప్రయాణం ఆ రోజంతా నా ముందు బెంచీలో కూర్చుంది.

మాకిక్కడ ఒక్కొక్కరూ ఒక మాట తెచ్చి దాని అర్థాలన్నీ రాయాలి. నేను 'దూరం' తీసుకున్నాను. చిన్న మాట కదా, తొందరగా అయిపోతుందనుకున్నాను. ఇంకా అవలేదు. కొలిచేది స్కేలుతోనా, చుట్టతోనా, వత్తితోనా అన్నదాన్ని బట్టి మారిపోతోంది. మేడం కాగితాలు చాలకపోతే ఇంకో కట్ట ఇస్తానన్నారు.

ఇప్పుడు ఆ పిలుపు సంగతి. నేను బయల్దేరిన పొద్దున్న గురమ్మత్త ఇంటికి నా ప్రస్థానం మూట కోసం ఒక్కదాన్నే వెళ్ళాను. అటక మీద ఆ రెండో మూట మళ్ళీ కనిపించింది. నానమ్మ పక్కన లేదు కాబట్టి అడిగాను. అత్త అటూ ఇటూ చూసి, దించి, విప్పి చూపించింది.

నీ నీలం గళ్ళ లుంగీ.

నువ్వు వెరావల్ వెళ్ళిన ప్రతిసారీ, ఆ సాయంత్రమే, నువ్వు తిరిగి రావడానికి నానమ్మ అక్కడ ప్రస్థానం పెడుతుందట. నువ్వక్కడ పెట్టుకోవని, నీ బదులు ఇక్కడ ఆవిడే పెడుతుంది. కిందటిసారి నువ్వు సెలవుల్లో ఇంటికొచ్చినా తియ్యనివ్వలేదట. "మల్లా ఎల్తాడు కదా, ఎందుకు తియ్యడం" అందట. అందులో తమలపాకులు మాత్రం వాడిపోకుండా ఎప్పటికప్పుడు మారుస్తుందట. నేను చూసినప్పుడు కూడా పచ్చగానే ఉన్నాయి.

సముద్రం మన పెరడు అని అంత ధీమాగా చెప్పిన మనిషి నాన్నా!

కాబట్టి నానమ్మ లెక్కలో నువ్వు ఒక్కరోజు కూడా దూరంగా లేవు. ఎప్పుడూ దారిలోనే ఉన్నావు. "మీ నానమ్మ ఎలాగంటే అలాగే" అని నువ్వెందుకన్నావో అప్పుడు నాకర్థమైంది. నీకు ఆ లుంగీ సంగతి తెలియకపోయినా, అంతా ఆవిడ చూసుకుంటుందని తెలుసు. నా ముల్లు దిగిపోయింది.

ఈసారి ఫోను చేసినప్పుడు లుంగీ గురించి మాత్రం అడగకు. కొత్తది కొనుక్కో.

నీకు ఎదురుగా నడుస్తున్న,
హేమ.